సంతకు ముందు మ్యూజియం: గ్వాటెమాలలో మాయా నేతను చూడవలసిన తీరు

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. వారం రోజుల గ్వాటెమాల ప్రయాణంలో రాజధానిలోని ఇష్చెల్ మ్యూజియానికి ఒక పూట కేటాయించడం సబబేనా, అక్కడి మూలవాసులైన మాయా వాళ్ల ఇకత్‌కూ (నూలుకు ముడులు కట్టి రంగు అద్ది నేసే గుడ్డ) మీ పుట్టింటివారి పోచంపల్లి చిటికి నేతకూ పోలిక ఎంతవరకు ఉంది, సంతలో అసలైన చేనేత విపిల్‌ను, అంటే మాయా స్త్రీలు పైన తొడుక్కునే వస్త్రాన్ని, గుర్తుపట్టి కొనడం ఎలా అని అడిగారు. చేనేత వస్త్రాల నిర్మాణాన్ని బోధించడం నా వృత్తి. గ్వాటెమాల కొండసీమ నేతను ఆ ఊళ్లలోనే కూర్చుని కొంత నేర్చుకునే అవకాశం కూడా కలిగింది. అందువల్ల కాస్త వివరంగానే సమాధానం రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు నా జవాబు: తప్పకుండా వెళ్లండి, అయితే ప్రయాణం మొదట్లోనే వెళ్లండి. చాలామంది ముందు ఆంటిగ్వా, అతిత్లాన్ సరస్సు, చిచికాస్తెనాంగో సంత చూసుకుని, తిరుగు విమానానికి ముందు మిగిలిన కొద్ది గంటల్లో ఈ మ్యూజియంలోకి తొంగిచూస్తారు. అప్పటికే సంచులు నిండి ఉంటాయి. ఏది మగ్గం మీద నేసినదో, ఏది యంత్రపు కుట్టుపనో తెలియకుండా కొన్నవాటిని మ్యూజియం అద్దాల ముందు నిలబడి పోల్చుకోవడంవల్ల ఒరిగేది ఏమీ లేదు. లా అరోరా విమానాశ్రయం ఉన్నది నగరంలోని 13వ జోన్‌లో, మ్యూజియం ఉన్నది 10వ జోన్‌లో. దూరం తక్కువే కాబట్టి దిగిన మరుసటి ఉదయమే చూడవచ్చు. ఆదివారం మూసి ఉంటుంది, శనివారం ఒక పూటే తెరుస్తారు. వేళలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

ఈ మ్యూజియం పూర్తి పేరు ముసేఓ ఇష్చెల్ దెల్ త్రాహె ఇందీహెన, అంటే మూలవాసుల వస్త్రధారణకు సంబంధించిన ఇష్చెల్ మ్యూజియం. చంద్రునికీ, ప్రసవానికీ, నేతకూ అధిదేవతగా మాయా వాళ్లు కొలిచిన దేవత పేరును దీనికి పెట్టారు. సంస్థ 1973లో మొదలైంది. ఇప్పుడున్న ఇటుకల భవనంలోకి 1993లో మారింది. ఫ్రాన్సిస్కో మర్రోకిన్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, పొపోల్ వూహ్ పురావస్తు మ్యూజియానికి పక్కనే ఉంటుంది. లోపల ఊరివారీగా దుస్తులు, మగ్గాలు, ముడిసరుకు, నిత్యం కట్టుకునేవి, పండుగకు కట్టుకునేవి ఉంటాయి. కార్మెన్ పెటర్సన్ వేసిన నీటిరంగుల చిత్రాలు, కోమలపా గ్రామానికి చెందిన కక్చికెల్ అనే మాయా తెగ చిత్రకారుడు ఆంద్రెస్ కుర్రుచిచ్ చిత్రాలు కూడా ఉన్నాయి. కుర్రుచిచ్ చిత్రాలను దాటిపోకండి. బొమ్మకు తొడిగిన విపిల్ ఒక వస్తువుగానే కనిపిస్తుంది. పెళ్లిలో, ఊరేగింపులో, పొయ్యి దగ్గర ఏ దుస్తు ఎవరు ఎలా ధరించారో ఆ ఊరి మనిషే గీసి చూపించడం అరుదైన సంగతి.

గదుల్లో వెలుతురు మందంగా ఉందని విసుక్కోకండి. పాత రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, ఒకసారి పోయిన రంగు మళ్లీ రాదు. కళ్లు అలవాటు పడడానికి కొంచెం సేపు పడుతుంది. ఆ సేపు మగ్గం దగ్గర గడపమని నా సలహా. ఎందుకంటే ఈ వస్త్రాలన్నింటికీ తాళంచెవి అక్కడే ఉంది.

మన గుంట మగ్గానికి చట్రం ఉంటుంది, అచ్చు ఉంటుంది, కాళ్లతో తొక్కే చెక్కలు ఉంటాయి. మాయా స్త్రీల నడుము మగ్గానికి ఇవేవీ లేవు. అది విప్పితే కొన్ని కర్రలు, ఒక తాడు, ఒక పట్టీ మాత్రమే. పడుగు ఒక కొసను చెట్టుకో స్తంభానికో కట్టి, రెండో కొసకు ఉన్న పట్టీని నేసే మనిషి తన నడుము వెనకగా వేసుకుని మోకాళ్ల మీద కూర్చుంటుంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే సడలుతుంది. సడలినప్పుడు పోగులు లేపే కర్రను ఎత్తి, పేక వేసి, గట్టి చెక్కతో చేసిన కత్తిలాంటి పలకతో దట్టిస్తుంది. అంటే పడుగు బిగువును నిర్ణయించేది ఆమె శరీరమే. గుడ్డ వెడల్పు ఆమె చేతులు హాయిగా అందుకునేంత మేరకే ఉంటుంది. అందుకే ఒక విపిల్ సాధారణంగా రెండు లేదా మూడు పన్నాలతో తయారవుతుంది. మీరు పోచంపల్లి మగ్గాలను చూసినవారు కాబట్టి ఈ పరిమితి ఎంత పెద్దదో, దానిలోంచి వాళ్లు రాబట్టిన పనితనం ఎంతటిదో వెంటనే అర్థమవుతుంది. పడుగుకు వాళ్లు కూడా గంజి పెడతారు, అయితే మొక్కజొన్నతో.

మ్యూజియంలో ప్రతి విపిల్ ముందూ ఆగి, రంగులను కాసేపు పక్కనపెట్టి, ముందుగా పన్నాలు ఎన్నో లెక్కపెట్టండి. అవి ఎక్కడ కలిశాయో, ఆ కలిపిన కుట్టు దాచిపెట్టినదో, కెట్సాల్తెనాంగో స్త్రీలు వేసే రాందాలాగా అందంకోసమే పైకి కనిపించేటట్టు పట్టుదారంతో కుట్టినదో చూడండి. తరువాత అంచులు చూడండి. నడుము మగ్గం మీద పడుగును కోయకుండా రెండు కొసల కర్రలకూ తాడుతో బిగిస్తారు కనుక, గుడ్డకు పక్క అంచులే కాకుండా పైనా కిందా కూడా నేతలోనే మూసుకున్న అంచు వచ్చే వీలుంది. ఒక కొస నుంచి కొన్ని అంగుళాలు నేసి, మగ్గాన్ని తిప్పి, రెండో కొస నుంచి నేసుకుంటూ వస్తారు. రెండు నేతలూ కలిసే చోట పలక దూరడానికి ఖాళీ మిగలదు. అక్కడ పేకను సూదితో దూరుస్తారు, అందువల్ల ఆ పట్టీ కాస్త వదులుగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని లోపం అనుకుంటారు. ఆ గుడ్డను కత్తెర పెట్టకుండా నేశారనడానికి అంతకంటె మంచి ఆనవాలు లేదు. మెడ దగ్గర మాత్రం తేడాలుంటాయి. కొన్ని ఊళ్లలో రెండు పన్నాల మధ్య కుట్టకుండా వదిలిన సందే మెడ. చిచికాస్తెనాంగోలో మూడు పన్నాలు కలిపి, మధ్య పన్నాలో గుండ్రంగా కోసి, చుట్టూ సూర్యకిరణాల్లా పట్టుగుడ్డ ముక్కలు కుడతారు.

బొమ్మలు ఎలా వచ్చాయన్నది ఆ తరువాతి మెట్టు. విపిల్ మీది బొమ్మలను చాలామంది కుట్టుపని అనుకుంటారు. వాటిలో ఎక్కువ భాగం నేసేటప్పుడే వేళ్లతో చొప్పించిన అదనపు పేక. ఉప్పాడ జాందానీ నేసేవారు బుటా దగ్గర చేసేది కూడా ఇదే పని. కొబాన్ ప్రాంతపు కెక్చి అనే మాయా తెగ స్త్రీలు నేసే పిక్బిల్ అనే తెల్లని పలుచని గుడ్డను తప్పకుండా వెతకండి. తెల్లటి నేల మీద తెల్లటి దారంతోనే బొమ్మ, వెలుతురు వెనకనుంచి పడితే తప్ప కనిపించదు. రంగుల హోరులో ఎవరూ దాని ముందు ఆగరు. నాకైతే ఆ మొత్తం సంప్రదాయంలో చేతి నిగ్రహానికి అదే పరాకాష్ఠ అనిపిస్తుంది. దీనికి పూర్తిగా భిన్నమైనది సాన్ అంతోనియో అగువాస్ కాలియెంతెస్ పనితనం. అక్కడ బొమ్మ ముందూ వెనకా ఒకే విధంగా వస్తుంది. ఆ ఊరి విపిళ్ల మీది గులాబీలూ చిలుకలూ పురాతన మాయా గుర్తులని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. వాటిలో ఎన్నో 20వ శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చిన కుట్టుపని నమూనా పుస్తకాల్లోంచి దిగినవే. అంతమాత్రాన వాటి విలువ తగ్గదు. కాగితం మీది గడులను చూసి మగ్గం మీద రెండు వైపులా ఒకే పువ్వు వచ్చేటట్టు నేయగలగడం సామాన్యమైన విద్య కాదు.

గుర్తుల సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. సంతలోనూ, కొందరు గైడ్ల నోటనూ ప్రతి గీతకూ ఒక అర్థం వినిపిస్తుంది. వంకరగీత పాము, చతురస్రం విశ్వం, రెండు తలల గద్ద మంచి చెడుల సమతూకం అంటారు. రెండు తలల గద్ద స్పెయిన్‌ను ఏలిన హాప్స్‌బర్గ్ రాజవంశపు చిహ్నం కూడా. దాని పుట్టుక గురించి పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఊరికొక దుస్తును స్పానిష్ దొరలే కాపలా సౌకర్యంకోసం నిర్ణయించారన్న కథ కూడా గైడ్లకు ఇష్టమైనదే, కాని దానికి గట్టి ఆధారాలు లేవు. మెక్సికోలోని పురాతన మాయా నగరం యాశ్చిలాన్ నుంచి బ్రిటిష్ మ్యూజియానికి చేరిన 24వ ద్వారశిలను చూడండి. 8వ శతాబ్దపు ఆ శిల్పంలో రాణి కబల్ షోక్ తొడిగిన విపిల్ మీది నేత నమూనా దారం దారంగా చెక్కి ఉంది. తేమ నేలల్లో పాత గుడ్డలు దాదాపు మిగలలేదు కనుక ఇలాంటి శిల్పాలూ, మరో పురాతన మాయా స్థలం బోనంపాక్‌లోని కుడ్యచిత్రాలూ మనకు దిక్కు. నేత పాతదే, అయితే అది ఎప్పటికప్పుడు మారుతూ వచ్చినది. ఈ రెండు మాటలనూ కలిపి గుర్తుంచుకుంటే మ్యూజియంలోని ఏ వివరణ పలకా మిమ్మల్ని తప్పుదారి పట్టించదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. అక్కడ ఇకత్‌ను హాస్పె అంటారు. దానికి కేంద్రం కెట్సాల్తెనాంగో దగ్గరి సల్కహా పట్టణం. మీరు దాన్ని విపిళ్లలో కన్నా కోర్తె అనే పావడాగుడ్డలో వెతకాలి. కోర్తె మన చీరలాగే గజాల లెక్కన కుట్టకుండా వచ్చే గుడ్డ. నడుము చుట్టూ చుట్టుకుని ఫాహా అనే నేసిన పట్టీతో బిగిస్తారు. దీన్ని నేసేది ఎక్కువగా మగవాళ్లు, స్పానిష్‌వారు తెచ్చిన కాలి మగ్గాల మీద. ఈ పని విభజన మ్యూజియంలో స్పష్టంగా కనిపిస్తుంది: నడుము మగ్గం స్త్రీలది, కాలి మగ్గం పురుషులది, ఒకే మనిషి ఒంటి మీద రెండు లోకాల నేత. సల్కహాలో నూలును వీధుల వెంట బారుగా చాచి, ముడులు కట్టి, రంగులో ముంచుతారు. ముడి కట్టిన చోట రంగు అంటదు. నేసినప్పుడు చెట్లు, కూజాలు, చేతులు చాచిన బొమ్మలు, ఒక్కోసారి అక్షరాలు కూడా అంచులు చెదిరినట్టుగా తేలుతాయి. పడుగుకో పేకకో కట్టే పద్ధతీ ఉంది, రెండింటికీ కట్టే పద్ధతీ ఉంది. సూత్రం అచ్చంగా మనదే. తేడా ఎక్కడంటే, పోచంపల్లిలోనూ పుట్టపాకలోనూ పడుగు బొమ్మా పేక బొమ్మా ఒకదానిమీద ఒకటి కచ్చితంగా కూర్చోవాలన్న పట్టుదల ఉంటుంది. సల్కహా కోర్తెల్లో సన్నని చారల మధ్య బొమ్మలు వరసకట్టి, గుడ్డ కదిలినప్పుడు మెరవడం మీదే దృష్టి. ముడివేసి అద్దడం ప్రపంచంలో ఎన్నో చోట్ల కనిపించే విద్య. కాబట్టి ఈ పోలికనుంచి చుట్టరికాలు కలపాలన్న ఉత్సాహం మనవాళ్లకు సహజమే అయినా, దాన్ని అదుపులో పెట్టుకోవడం మంచిది.

రంగుల గది దగ్గర మాత్రం మీకు ఇల్లు గుర్తుకు వస్తుంది. నీలిమందు రెండు చోట్లా ఉంది, మొక్క జాతులు వేరు. ఎరుపుకు మన తేలియా రుమాళ్లలో చిరివేరు, తరువాత అలిజరిన్ అనే రసాయన రంగు వాడారు. గ్వాటెమాలలో నాగజెముడు మీద పెరిగే కొచినీల్ పురుగు ఎర్రరంగుకు మూలం. 19వ శతాబ్దం నడిమిలో ఆ దేశపు ఎగుమతుల్లో ముఖ్యమైనది కొచినీలే. 1856లో కృత్రిమ రంగు పుట్టాక ఆ వ్యాపారం కూలి, ఆ స్థానంలో కాఫీ వచ్చింది. ఇష్కాకో అనే సహజమైన గోధుమరంగు పత్తిని కూడా చూడండి. దానికి అద్దకమే అక్కరలేదు. ఇవాళ్టి నేతలో ఎక్కువ భాగం రసాయన రంగులు వేసిన మిల్లు నూలు, అక్రిలిక్ దారం, మెరుపు దారం. దానికి ముఖం చిట్లించే సందర్శకులను చూశాను. నేసేవారికి నచ్చిన రంగు, వాళ్ల సొంత డబ్బుతో కొన్న దారం. మనకు నచ్చే పాతదనాన్ని వాళ్లు మోయవలసిన బాధ్యత ఏమీ లేదు.

మ్యూజియం పెద్దగా చెప్పని చరిత్ర ఒకటి తెలుసుకుని వెళ్లండి. 1976 ఫిబ్రవరి 4న వచ్చిన భూకంపం కొండసీమను నేలమట్టం చేసింది. సుమారు 23,000 మంది చనిపోయారు. ఆ తరువాత ఇళ్లు కట్టుకోవడానికి ఎన్నో కుటుంబాలు తాతలనాటి వస్త్రాలను అమ్ముకున్నాయి. 1960 నుంచి 1996 వరకు సాగిన అంతర్యుద్ధంలో 2,00,000 మందికి పైగా చనిపోయారని లేదా అదృశ్యమయ్యారని సత్యశోధన సంఘం అంచనా వేసింది. గుర్తించిన మృతుల్లో నూటికి 83 మంది మాయాలు. విపిల్ చూస్తే ఏ ఊరిదో తెలిసిపోతుంది కాబట్టి, అనుమానిత గ్రామాలనుంచి పారిపోయిన స్త్రీలు ప్రాణభయంతో తమ దుస్తులు విడిచి వేరేవి తొడుక్కున్నారు. మగవాళ్ల దుస్తులు అంతకు చాలా ముందే, తోటల్లో కూలికి పోవడంవల్లా పట్నంలో అవమానాలవల్లా, చాలా ఊళ్లలో మాయమయ్యాయి. తోదోస్ సాంతోస్, సోలోలా, సాంతియాగో అతిత్లాన్ వంటి కొన్ని చోట్ల మాత్రం నిలిచాయి. 1992లో నోబెల్ శాంతి బహుమతి పొందిన మాయా మహిళ రిగోబెర్తా మెంచూ ప్రతి వేదిక మీదా విపిల్‌తోనే కనిపించడం వెనక ఈ చరిత్ర అంతా ఉంది. మీ చేతికి వచ్చే 25 సెంటావోల నాణెం మీద ఉన్న స్త్రీ సాంతియాగో అతిత్లాన్ తలచుట్టుతో ఉంటుంది, గమనించండి.

ఇక కొనుగోలు. చిచికాస్తెనాంగోలో సంత గురువారం, ఆదివారం జరుగుతుంది. అక్కడ విపిల్‌ను చేతిలోకి తీసుకుని చేయవలసిన మొదటి పని తిరగవేసి చూడడం. నేతలో వచ్చిన బొమ్మకు వెనకవైపు దారాలు పేక దారిలోనే అడ్డంగా నడుస్తాయి, లేదా రెండు వైపులా ఒకేలా ఉంటాయి. కంప్యూటర్ యంత్రపు కుట్టుకు వెనక సన్నని వేరే దారం, చాలాసార్లు అంటించిన కాగితపు పొర కనిపిస్తాయి. నేత నమూనాను ఫోటో తీసి గుడ్డ మీద అచ్చు వేసినవి కూడా ఇప్పుడు వస్తున్నాయి. వాటి వెనకవైపు తెల్లగా ఉంటుంది. అలాగని కుట్టుపని అంతా నాసిరకం అనుకోకండి. సాన్ మతేఓ ఇష్తతాన్ విపిల్ మీది వలయాలన్నీ చేతి కుట్టే, సాంతియాగో అతిత్లాన్ పక్షులూ కుట్టినవే. ఏ ఊరిది, ఎవరు నేశారు, ఎంతకాలం పట్టింది అని అడగండి. నేసిన మనిషే అమ్ముతుంటే జవాబు వెంటనే వస్తుంది, చాలాసార్లు నెలల లెక్కలో వస్తుంది. ఆ మాట విన్నాక గీసిగీసి బేరమాడడం చేనేత ఇంటినుంచి వచ్చినవారికి తగదని నేను వేరే చెప్పనక్కరలేదు. పాత విపిళ్లను ముక్కలు చేసి కుట్టిన సంచులూ చెప్పులూ మాత్రం కొనవద్దని నా అభిప్రాయం. నెలల తరబడి కత్తెర తగలకుండా నేసినదాన్ని ఒక మధ్యాహ్నంలో కత్తిరించే వ్యాపారం అది.

వీలైతే సహకార సంఘాల దగ్గర కొనండి. కెట్సాల్తెనాంగోలోని త్రామా తెక్స్తీలెస్ 1988నుంచి స్త్రీలు నడుపుకుంటున్న సంఘం. అక్కడ నడుము మగ్గం మీద నేత నేర్పుతారు కూడా. రోజంతా కూర్చుని అరచేతి వెడల్పు పట్టీ నేసినా, మ్యూజియంలో చూసినవాటి మీద మీ చూపు మారిపోతుంది. అతిత్లాన్ ఒడ్డున సాన్ హువాన్ లా లగూనాలో చెట్ల రంగులతో అద్దే సంఘాలు ఉన్నాయి. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. గ్వాటెమాలలో నేత స్త్రీల సంఘాలు తమ నమూనాల మీద సామూహిక హక్కుకోసం 2016లో రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లాయి. సంఘంలో కొనేటప్పుడు ఆ విషయం అడిగి చూడండి, పోచంపల్లి గుర్తింపు సంగతి కూడా చెప్పండి. మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి చాలా దొరుకుతుంది.

ఇంటికి తెచ్చాక మొదటిసారి విడిగా, చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో ఉతకండి. ముందుగా తడిపిన తెల్లగుడ్డతో ఎరుపు, ఊదా చోట్ల అద్ది చూడండి, రంగు దిగితే ఉతకకుండా గాలికి ఆరవేయడమే మేలు. పట్టుచీరకు చేసినట్టే ఆరేడు నెలలకు ఒకసారి మడత మార్చండి. గోడకు వేలాడదీయాలనుకుంటే భుజాల దగ్గర మేకులు కొట్టకుండా, వెనకవైపు ఒక గుడ్డ పట్టీ కుట్టి, అందులో కర్ర దూర్చి, ఎండ పడని గోడను ఎంచుకోండి.